జిగురు ఆరేదాకా

రండి రండి, అందరూ ఇటు దగ్గరికి జరగండి, గుసగుసలు ఆపండి, ఒక్కసారే చెప్తాను. ఎడమకాలూ, ముందు నువ్వు నోరు మూసుకో. తిమ్మిరెక్కింది తిమ్మిరెక్కింది అని ఒకటే గోల, నాకు మాత్రం తెలీదా, నువ్వేమన్నా పొరుగూళ్ళో కాపురం ఉంటున్నావా, నా నడుముకే కదా వేలాడుతున్నావు. వీపు మధ్య దురదా, నువ్వా గోడవారగా నిలబడు, నీ వంతు వచ్చినప్పుడు పిలుస్తా. ముక్కు మీద ఈగా, నిన్నెవరూ పిలవలేదు, అయినా వచ్చావు కనక కూర్చో, కాకపోతే నాలాగే కదలకుండా కూర్చో. మీరు తప్ప నాకు వినేవాళ్ళు లేరు. గట్టిగా నోరు తెరిస్తే పొట్ట కదులుతుంది, పొట్ట కదిలితే పలక కదులుతుంది, పలక కదిలితే జిగురు ఊడుతుంది, జిగురు ఊడితే బ్యాండులో నా చోటు ఊడుతుంది. అందుకని నేను లోపల్లోపలే చెప్తా, మీరూ లోపల్లోపలే వినండి.

కిటికీ ఊచల్లోంచి గోడ గడియారం సగం కనపడుతోంది. నాలుగూ అయిదు. వడ్రంగి పెట్టిన గడువు గంట, అంటే అయిదూ అయిదుకి నాకు విడుదల. బ్యాండు వ్యాను మా గుమ్మం ముందు ఆగేది అయిదింటికి. మధ్యలో ఆ అయిదు నిమిషాలున్నాయి చూశారూ, మామూలు రోజుల్లో ఎంత చవగ్గా దొరికేవి, మంచం మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి దొర్లితే పదేసి నిమిషాలు రాలిపడేవి, ఇవ్వాళ ఆ అయిదు నిమిషాల కోసం చూస్తుంటే గడియారం ముల్లు కూడా నాలాగే జిగురు మీద కూర్చున్నట్టుంది. వరండాలో ఈ చివర నేను, మధ్యలో కుట్టు మిషను మీద అత్తయ్య, ఆ చివర స్టూలు మీద ఒక పెద్దాయన. ఆయన తన ప్యాంటు పొడవు తగ్గించమని మొన్నెప్పుడో ఇచ్చాడట, తీసుకెళ్ళడానికి వచ్చాడు. "కూర్చోండి బాబాయిగారూ, అయిపోతోంది" అంది అత్తయ్య తలెత్తకుండా. కూర్చున్నాడు. కూర్చున్న దగ్గర్నుంచీ నన్నే చూస్తున్నాడు. మొహం చూస్తే ఏదో ఒకటి అనుకోవచ్చు, ఆయన చూసేది మొహం కాదు, నా కింద.

నా కింద ఏముందో అడుగు నుంచి చెప్తా. అన్నిటికన్నా కింద ఈ బెంచీ, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూర్చునేది. దాని మీద మడత పెట్టి పరిచిన బూడిదరంగు గుడ్డ, జిగురు కారి బెంచీకి అంటకుండా అత్తయ్య వేసింది. గుడ్డ మీద అడ్డంగా ఒక చెక్కపట్టీ, పట్టీ నిండా తెల్ల జిగురు. పట్టీ మీద ప్లైవుడ్ పలక, అదీ ఒక్కటి కాదు, రెండు ముక్కలు. ఒకటి పెద్దది, ఒకటి అంగుళంన్నర వెడల్పు బద్ద. రెండిటినీ దగ్గరికి లాగుతూ చుట్టూ బిగించిన సైకిల్ ట్యూబు. ట్యూబు లాగుతుంటే అతుకు దగ్గర పలక తాబేలు వీపులా పైకి లేస్తోంది. లేవకుండా దాని మీద నేను. రెండు చివర్లూ రెండు అరచేతులతో నొక్కిపట్టి నేను. అందుకే ఈగని తోలలేను, వీపు గోక్కోలేను. ముందు బరువు కోసం ఇల్లంతా వెతికాను. రుబ్బురోలు పొత్రం పెడితే దొర్లింది, నీళ్ళ డ్రమ్ము పెడితే ఒలికింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కాసేపు చూసి "ఎందుకండీ అంత వెతుకులాట, ఈ ఇంట్లో అందరికన్నా బరువైన వస్తువు మీరే, పైగా ఖాళీగా ఉన్నారు" అంది. అత్తయ్య నవ్వలేదు. నవ్వితే బావుండేది. నవ్వకుండా ఆ గుడ్డ తెచ్చి నాలుగు మడతలు వేసి పరిచి, మళ్ళీ మిషనెక్కింది. మూడింటి నుంచి ఆవిడ నాతో మాట్లాడలేదు. టకటకటక అని మిషను మాత్రం మాట్లాడుతోంది, అందులో ప్రతి కుట్టూ నాకే తగులుతోంది.

ఈ పలక దేనికంటే నా డబ్బాలు కూర్చోడానికి. గిటారు తీగ మీటితే వచ్చే చప్పుడు ఉన్నదున్నట్టు స్పీకర్లోకి పోదు, దారిలో అయిదు డబ్బాలున్నాయి, వాటి గుండా నడిచి వెళ్ళాలి, వాటిని నేను కాలితో తొక్కుతూ ఉండాలి. శ్రుతి చూసే డబ్బా ఒకటి. గరగరలాడించే ఎర్ర డబ్బా ఒకటి, దాన్ని పూర్తిగా తిప్పి తొక్కితే ఒకసారి మూడు వీధుల అవతల ఆగిపోయిన మోటారు సైకిలు దానంతటదే స్టార్టయింది, నమ్మకపోతే మానండి. వణికించే డబ్బా ఒకటి, అది తొక్కితే నా పాత ప్రేమలన్నీ ఒకేసారి జ్వరం తగిలినట్టు వణుకుతాయి. గుహ డబ్బా ఒకటి, ఒక్కసారి మీటితే అయిదుసార్లు పలుకుతుంది, చివరిసారి పలికేసరికి మీటినవాడు ఇంటికెళ్ళి భోంచేసి పడుకుని ఉంటాడు. ఇక చప్పుడు తగ్గించి పెంచే డబ్బా. అన్నీ ఎవరో వాడి వదిలేసినవి, ఒకదానికి మూత లేదు, ఒకదానికి మీట బదులు సీసా బిరడా. వీటి మధ్య బెత్తెడు బెత్తెడు వైర్లు, వీటన్నిటికీ కరెంటు ఇచ్చే ఇంకో వైరు, మొత్తం కలిపి గోనెసంచిలో వేసుకుని తిరిగేవాణ్ణి. హాలుకెళ్ళి సంచి బోర్లిస్తే పాముల పుట్ట తవ్వినట్టుండేది. పగలు టైర్ల పంచర్లు వేసుకునేవాడికి అంతకన్నా షోకేంటి అనుకునేవాణ్ణి. బ్యాండులో నా పేరు కూడా అదే, పంచరు.

పోయిన నెల ఆ హాల్లో. వద్దు, అది తలుచుకోకు. కాలూ నువ్వు చూశావుగా, చెప్పకు. చెప్పకు అంటే మరీ గుర్తొస్తుంది. మూడో పాట. గాయని ఒక చరణం పాడి నా వైపు తిరిగి చెయ్యి చూపించింది, అక్కడ నా గిటారు ఎత్తుకోవాలి, జనం కూడా నా వైపే చూశారు, నేను గుహ డబ్బా తొక్కి తీగ మీటాను. ఏం లేదు. ఇంకోసారి మీటాను. గోడకి వేసిన సున్నం మీద గోరుతో గీసినంత చప్పుడు కూడా లేదు. ఎక్కడో ఒక వైరు వదులైంది, ఎక్కడో తెలీదు, గిటారు మెళ్ళోనే వేలాడేసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను, ఒక్కో వైరూ నొక్కుకుంటూ పాకాను. మూడో పాట అయిపోయింది. నేను పాకుతూనే ఉన్నాను. నాలుగో పాట మొదలైంది. ఎర్ర లైటొకటి నా వీపు మీద పడింది, అది వేసినవాడు పాకడం కూడా ప్రోగ్రాంలో భాగమనుకున్నాడేమో, నేనెటు పాకితే అటు తిప్పుతున్నాడు. ముందు వరసలో ఎవరో "ఏదో పారేసుకున్నాడు పాపం" అన్నారు. తల ఎత్తితే వెనక వరసలో మా ఆవిడ, పక్కన అత్తయ్య. మొదటిసారి వచ్చారు నా వాయింపు వినడానికి. మా ఆవిడ తల దించేసుకుంది. అత్తయ్య దించుకోలేదు. సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడు చూసినట్టు కళ్ళు చిట్లించి నన్నే చూస్తోంది.

ప్రోగ్రాం అయ్యాక మా లీడరు, డ్రమ్ములు కొట్టేది ఆయనే, పుల్లలు చంకలో పెట్టుకుని వచ్చి ఎక్కువ మాట్లాడలేదు. "ఒరేయ్ పంచరూ, నీ చేతిలో విద్య ఉందిరా, కాదనను. కానీ నా స్టేజీ మీద నిలబడేవాడు కావాలి, పాకేవాడు కాదు. వచ్చే ప్రోగ్రాంకి ఆ మూట కనపడిందా, నువ్వు కనపడకు." అంతే. మర్నాటికే తెలిసింది, మా కీబోర్డాయన బావమరిది గిటారు వాయిస్తాడని, వాడి దగ్గర కొన్న పెట్టె ఉందని, నల్లటిది, మూలలకి వెండి రేకులు, తెరిస్తే డబ్బాలన్నీ బడి పిల్లల్లా వరసగా కూర్చుని ఉంటాయని. అలాంటి పెట్టె కొనాలంటే నేను ఎన్ని టైర్లకి పంచర్లు వెయ్యాలో తెలుసా, ఈ దేశంలో ఉన్న మేకులన్నీ రోడ్ల మీద చల్లాలి. కొనలేను కనక చేసుకుంటానన్నాను. అందరి ముందూ అన్నాను. అదీ నా నోరు. లీడరు తల ఊపాడు, "సరే, చేసుకురా, వచ్చే ప్రోగ్రాంకి వ్యానులో నువ్వూ ఎక్కు, వాడూ ఎక్కుతాడు. హాల్లో నీ పెట్టె నిలబడితే నువ్వు, లేకపోతే వాడు."

నాలుగూ ఇరవై. ఇరవయ్యేనా. ఈగా, నువ్వు వెళ్ళిపోయావా, ఎప్పుడు వెళ్ళావు, ఉన్నంతసేపూ తిట్టాను, వెళ్తే వెలితిగా ఉంది. పెద్దాయన స్టూలు కాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "ఎంతసేపు కూర్చోవాలి బాబూ?" అన్నాడు. పెదాలు కదపకుండా "గంట" అన్నాను. "గంటా!" అని ఆశ్చర్యపోయాడు. "మా ఇంట్లో అయితే రాత్రంతా పడుకుంటాం." దేని మీద పడుకుంటారో నాకర్థం కాలేదు, అడిగే ఓపిక లేదు. "నీకన్నా లావుపాటి మనిషయితే ఇంకా తొందరగా అయ్యేది" అని ఒక సలహా కూడా పారేశాడు. ఊరికే దొరుకుతాయి సలహాలు. ఈ పలక మొదలెట్టినప్పట్నుంచీ ఎన్ని పోగయ్యాయో, వాటన్నిటినీ పేర్చి దీని మీద పెడితే నేను కూర్చోవాల్సిన పనే ఉండేది కాదు.

అసలు జిగురు సంగతి నాకు ఒకళ్ళు చెప్పాలా. నేను అతికించిన అతుకు ఊడిందని ఇంతవరకు ఒక్కడు వెనక్కి రాలేదు. ఒక లారీ టైరుకి అతుకు వేశాను, టైరంతా అరిగిపోయి అతుకు ఒక్కటే మిగిలింది, డ్రైవరు ఆ అతుకునే తీసి కొత్త టైరుకి పెట్టించుకున్నాడు. అందుకే ఇవ్వాళ మూడింటికి పలక రెండు ముక్కలైనప్పుడు నేనేం కంగారు పడలేదు, షాపుకి పరిగెత్తి పంచరు జిగురు ట్యూబు తెచ్చి రెండు అంచులకీ రాసి, ఊది, అయిదు నిమిషాలు ఆరనిచ్చి అద్దాను. పట్టుకుంది. ఎత్తాను. మూడు అంగుళాలు లేచేదాకా పట్టుకుంది, తర్వాత చూయింగ్ గమ్ములా సాగడం మొదలెట్టింది, ఆ బద్ద కిందికి దిగిపోతూ, దిగిపోతూ, ఊయలూగుతూ. రబ్బరుని రబ్బరుకి అంటించేది చెక్కని చెక్కకి ఎందుకు అంటిస్తుంది. ఇరవై ఏళ్ళు అదే పని చేసినవాడికి ఆ మాత్రం తట్టొద్దా. వడ్రంగి దగ్గరికి పోతే ఆయన ఆ రబ్బరు జిడ్డంతా గోకి, తన జిగురు కాస్త ఒక డబ్బీలో పోసి, అడ్డపట్టీ ఒకటి ఇచ్చి చెప్పాడు, "మేకు కొట్టావంటే చీలిపోద్ది. కింద పట్టీ అంటించి, బరువు పెట్టి గంట వదిలెయ్. దగ్గొద్దు, తుమ్మొద్దు, పాడొద్దు." పాడొద్దని ఎందుకన్నాడు. నేను పాడేది ఎప్పుడు విన్నాడు. "అయినా అంత చక్కగా కోసిచ్చిన పలకని మళ్ళీ ఎందుకు కోశావయ్యా?" అన్నాడు. దానికి జవాబు చెప్పకుండా వచ్చేశాను. మీక్కూడా చెప్పకూడదనే అనుకున్నాను. కానీ గంటసేపు కూర్చోవాలి కదా, దాచుకుని ఎంతసేపు కూర్చుంటాను.

ఆ హాలు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే నాకు మెలకువ వచ్చింది గుండీల చప్పుడుకి. గలగలా గలగలా, వేలకొద్దీ గుండీలు బకెట్లో పడుతున్న చప్పుడు. లేచి చూస్తే అత్తయ్య. ఆవిడ దగ్గర మొదట్లో చేత్తో తిప్పే కుట్టు మిషనొకటి ఉండేది, దాని మీద కుట్టే ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. అది అరిగి అరిగి ఎప్పుడో తుక్కులోకి పోయింది, దాని మూత మాత్రం ఉండిపోయింది. చెక్క మూత, వంపు తిరిగిన వీపు, పైన పట్టుకోడానికి ఇత్తడి పిడి, రెండు పక్కలా రెండు కొక్కేలు. దాన్ని వెల్లకిలా తిప్పి గుండీలు పోసుకునేది. నేను ఈ ఇంటి అల్లుణ్ణయిన దగ్గర్నుంచీ చూస్తున్నా, అందులో చెయ్యి పెట్టే హక్కు ఎవరికీ లేదు, మా ఆవిడకి కూడా. ఆ మూత ఖాళీ చేసి, కొంగుతో దుమ్ము తుడిచి, నా ముందు పెట్టింది. "ఇది నీ డబ్బాలకి సరిపోద్దేమో చూడు బాబూ. కింద పలకొకటి చేయించుకుంటే పెట్టయిపోద్ది" అంది. హాలు గురించి ఒక్క మాట లేదు. నేను పాకడం గురించి ఒక్క మాట లేదు. కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "నేనూ ముప్పై ఏళ్ళు కాళ్ళతో తొక్కే బతికాను, నడుస్తా నడుస్తా ఆగిపోతే ఎట్టుంటదో నాకు తెలుసు" అంది. అంతే. నేను గ్లాసు పట్టుకున్నట్టే కూర్చుండిపోయాను, నా చేతిలో గ్లాసు లేకపోయినా.

లీడరు నన్ను వ్యానులోంచి దింపేసినా పర్లేదు, బతుకుతాను, పంచర్లున్నాయి. ఆ మూత తీసుకొచ్చి మళ్ళీ అందులో గుండీలు పొయ్యమని ఆవిడకి ఇవ్వాలే, అది మాత్రం నావల్ల కాదు. అదీ సంగతి. అందుకే కూర్చున్నాను.

కొలతలు కూడా ఆవిడే తీసింది. మెళ్ళో టేపు ఎప్పుడూ ఉంటుందిగా, డబ్బాలన్నీ నేల మీద వరసగా పెట్టించింది, చుట్టూ తిరిగి చూసింది, మూతని కొలిచింది, కొలిచి తన రసీదు పుస్తకంలో ఒక చీటీ మీద రాసి చింపి ఇచ్చింది. ఆ చీటీ మీద అచ్చువేసిన గళ్ళుంటాయి, ఛాతీ, నడుము, భుజం, పొడవు అని. పలక పొడవు పొడవు గడిలో రాసింది, వెడల్పు నడుము గడిలో, ఎత్తు భుజం గడిలో. వడ్రంగి ఆ చీటీ తిప్పి తిప్పి చూసి "నడుము పదమూడా? ఎవరయ్యా ఇంత సన్నపు మనిషి?" అన్నాడు. ఎలా అయితేనేం, పాత తలుపు ప్లైవుడ్ ముక్కతో చీటీలో ఉన్నది ఉన్నట్టు కోసి, వెనకవైపు కాస్త ఎత్తుగా కాళ్ళు పెట్టి, గరుక్కాగితం రుద్ది ఇచ్చాడు. అరచెయ్యి పెట్టి రాస్తే పెరుగు మీద మీగడలా ఉంది. అత్తయ్య దాని మీద చర్రుమని ఊడొచ్చే పట్టీలు, బ్యాగులకి కుట్టే వెల్క్రో, వరసగా అంటించింది, డబ్బాల అడుగున రెండోరకం పట్టీ. డబ్బా పెట్టి నొక్కితే పలకని తలకిందులు చేసినా పడదు. అన్నీ అయిపోయాయి. ఇవ్వాళ మధ్యాహ్నానికి నేను చెయ్యాల్సింది ఒక్కటే, భోంచేసి, పడుకుని, నాలుగున్నరకి లేచి మొహం కడుక్కోడం.

పడుకున్నానా. లేదు. ఒకసారి మూతలో పెట్టి చూద్దాం అనుకున్నాను. అత్తయ్య లోపల కునుకు తీస్తోంది. మూతని వెల్లకిలా పెట్టాను, పలకని అందులోకి దించబోయాను. దిగలేదు. ఏటవాలుగా దించాను, దిగలేదు. తిప్పి చూశాను, అంగుళంన్నర ఎక్కువుంది. పాపం పెద్దావిడ, కళ్ళు సరిగ్గా ఆనక తప్పు కొలిచింది, ఇప్పుడు లేపి చెబితే బాధపడుతుంది, ఆవిడకి తెలీకుండానే సర్దేస్తాను అనుకున్నాను. నా మంచితనం చూశారా. షాపులో ఇనుము కోసే రంపం తెచ్చి, బనీను మీద చెమట కారుతుంటే, నాలుక బయటపెట్టుకుని, తిన్నగా, ఎంత తిన్నగానో, ఒక పక్క అంగుళంన్నర కోసి పడేశాను. మళ్ళీ దించాను. దిగింది. గిన్నెలోకి గరిట దిగినట్టు దిగింది. గంతేశాను.

అప్పుడు లేచొచ్చింది అత్తయ్య. నిద్ర కళ్ళతో చూసింది. వెల్లకిలా ఉన్న మూతని చూసింది, అందులో దిగిన పలకని చూసింది, కింద పడున్న బద్దని చూసింది. చాలాసేపు చూసింది. "మూతలో పలక పెట్టావేంటి బాబూ," అంది, "పలక మీద మూత పెట్టాలి గదా." నేను మూత వైపు చూశాను. కొక్కేల వైపు చూశాను. ఆ కొక్కేలు పట్టుకోవాల్సింది పలక అంచుని. చేతిమిషన్ల మీద మూత ఎట్టా కూర్చుంటుందో చిన్నప్పట్నుంచీ చూసినవాణ్ణే, కింద చెక్క కాస్త బయటికి ఉంటుంది, మూత దాని మీద కూర్చుంటుంది, కొక్కేలు వంగి అంచు కింద పట్టుకుంటాయి. ఆవిడ అటు ముప్పావు, ఇటు ముప్పావు కావాలనే వదిలింది. ఆవిడ కుట్టే ప్రతి బట్టలోనూ వదులుతుంది అట్టా, రేపు ఒళ్ళొచ్చినా విప్పుకోడానికి. ఆవిడ వదిలినదాన్ని నేను కోసేశాను. ఆవిడకి తెలీకుండా, ఆవిడ బాధపడకుండా. "నేను మార్జిన్ వదిల్తే," అంది మెల్లగా, "నువ్వు దాన్నే కోశావా." కోపంగా అన్నా బావుండేది. మిషనెక్కి కూర్చుంది. అప్పట్నుంచీ టకటకటక.

నాలుగూ నలభై రెండు. కుడిచెయ్యి లోంచి ఎవరో ఎముకలు తీసేసుకున్నారు. తుమ్ము వస్తోంది. రాదు. వస్తోంది. ముక్కూ, నీకు దణ్ణం పెడతా, ఈ ఒక్క గంట, తర్వాత నీ ఇష్టం, వారం రోజులు తుమ్ముకో. వస్తోంది, వస్తోంది, నాలుకతో అంగిలి నొక్కు, పోయింది. పోయిందా. పోయింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పెద్దాయన "అయ్యో, పాపం, అంత కష్టమా" అన్నాడు. మొదటిసారి ఒక మంచి మాటన్నాడు. అంతలో ఫోను మోగింది, కిటికీ మీద, నా తల వెనకే, అడుగు దూరం. తిరిగి చూడలేను. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి ఎత్తింది. "ఆ అన్నయ్యగారూ, ఉన్నారు, కూర్చునున్నారు... లేదండీ, ఊరికే కూర్చోలేదు... ఆ? ఎక్కడా? సందు మొదట్లోనా?" ఫోను పెట్టేసింది. "ఏమండీ, వచ్చేశారట."

పదిహేను నిమిషాలు ముందు. ఈ బ్యాండు పుట్టినప్పట్నుంచీ ఒక్క రోజు టైముకి వచ్చిన మొహాలు కావు, పెళ్ళిళ్ళకి పోతే పెళ్ళికూతురు కాపురానికెళ్ళాక వాయించిన రోజులున్నాయి, ఇవ్వాళ పదిహేను నిమిషాలు ముందు. హారను. వ్యాను తలుపు. చెప్పుల చప్పుడు. ముందు లీడరు, వెనక కీబోర్డాయన, ఆయన వెనక ఆయన బావమరిది, ఇస్త్రీ చొక్కా, చేతిలో నల్ల పెట్టె, మూలలకి వెండి రేకులు, ఎండ పడి నా కళ్ళల్లోకే కొడుతోంది.

"ఏరా పంచరూ, పద" అన్నాడు లీడరు.

"లేవను" అన్నాను.

"లేవవా?"

"ఇరవై నిమిషాలు లేవను. జిగురు ఆరాలి. లేస్తే ఊడుతుంది."

కీబోర్డాయన నవ్వాడు. బావమరిది వంగి నా కింద చూసి "ఇదేంటన్నా, మూట పోయి బెంచీ వచ్చిందా?" అన్నాడు. ముక్కు మీద మళ్ళీ ఈగ వాలింది. కాలు లేదు, చెయ్యి లేదు, ఉన్నవి రెండు కళ్ళు, వాటితో లీడరునే చూశాను. "మీరెళ్ళిపోయినా సరే," అన్నాను, "నేను లేవను." ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే తెలిసింది, నేను అనుకుని అన్న మాట కాదది, ఇంతసేపూ నా కింద ఆరుతున్న మాట. మిషను ఆగిపోయింది. అదెప్పుడు ఆగిందో కూడా నాకు తెలీలేదు, ఒక్కసారి చెవుల్లో ఖాళీ అయింది, అంతే.

అత్తయ్య లేచి వచ్చింది. చేతిలో పెద్ద కత్తెర. నా కుడి చెయ్యి పక్కన వంగి, కత్తెర పిడితో పలక మీద ఈ చివర కొట్టింది, టక్. కాస్త ఇటు జరిపి కొట్టింది, టక్. అతుకు ఇవతల టక్. అతుకు మీద టక్. అతుకు దాటి, నేను కోసేసిన ఆ బద్ద మీద, టక్. ఆవిడ చూసింది కంటితో, నేను చూసింది చెవితో. ఒకటే శ్రుతి. ఇటు ఏ స్వరమో అటూ అదే స్వరం. పగులు ఉంటే బద్ద వేరే స్వరంలో పలకాలి, చీలిక ఉంటే డొల్లగా పలకాలి, లేదు, మొత్తం పలక ఒక్కటే అయి పలికింది. తల ఎత్తి లీడరు వైపు చూస్తే ఆయన తల పక్కకి వాలి ఉంది, డ్రమ్ము చర్మం బిగించుకుంటున్నప్పుడు వాలుస్తాడు అట్టా. ఆయనకీ వినపడింది. అత్తయ్య నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, మూడింటి తర్వాత మొదటిసారి నాతో అంది, "పట్టుకుంది బాబూ. అయినా ఇంకో ఇరవై నిమిషాలు కదలకు. నేను చెప్పిన కొలత మీద నమ్మకముంటే." ఆ మూత తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఇత్తడి పిడి తుడిచినట్టుంది, మెరుస్తోంది.

లీడరు ఒకసారి అత్తయ్యని చూశాడు, ఒకసారి నన్ను చూశాడు, జేబులోంచి చేతులు తీశాడు. "పోయినసారి వీణ్ణి ఒక్క చోట నిలబడరా అంటే నిలబడలేదు," అన్నాడు, "ఇవ్వాళ లేవరా అంటే లేవట్లేదు. ఎత్తండ్రా బెంచీతో సహా. వాయించేది వీడే." బావమరిదికేసి తిరిగి "నీ పెట్టె వ్యానులో పడేసి రా, ఆ మూల నువ్వు పట్టుకో" అన్నాడు. వ్యాను డ్రైవరుతో కలిపి నలుగురూ నాలుగు మూలలా పట్టుకున్నారు, మా ఆవిడ "మెల్లగా, మెల్లగా, ఆయన కాదు, పలక జాగ్రత్త" అని అరుస్తూ ముందు నడిచింది, నేను మూత ఒళ్ళో పెట్టుకుని, దాని అటూ ఇటూ నుంచి పలక చివర్లు నొక్కిపట్టి, ఊగుతూ గుమ్మం దాటాను. సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎడమకాలూ, చూడు, దురదా, నువ్వూ రా, చూడు, ఈగా నువ్వు ఎక్కడున్నావో గానీ చూడు. వ్యాను వెనక తలుపులు తెరిచారు, బెంచీ ముందుకాళ్ళు లోపలికి ఎక్కించారు.

అప్పుడు వెనక నుంచి చెప్పులు టపటపలాడించుకుంటూ, రొప్పుతూ, ఆ పెద్దాయన పరిగెత్తుకొచ్చి, నా కింద వేలాడుతున్న బూడిదరంగు గుడ్డ కొస రెండు చేతులతో పట్టుకుని లాగుతూ అన్నాడు: "ఆగండి బాబూ ఆగండి, ఇస్త్రీ చేసే మనిషిని ఎక్కడికైనా తీసుకుపొండి నాకేం అభ్యంతరం లేదు, కింద నా ప్యాంటు మాత్రం ఇచ్చేసి పొండి, గంట కూర్చున్నాడుగా, ఆ మాత్రం మడత నాకు చాలు!"